పరాయి నేల మీద సొంతిల్లు

గుంటూరులోనో కరీంనగర్‌లోనో స్థలం కొనేవాడిని చూడండి. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు ముందు పరుస్తాడు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమోనని వాకబు చేస్తాడు. అమ్మేవాడి అక్కచెల్లెళ్ల చేత కూడా సంతకాలు పెట్టిస్తాడు. ఇంత జాగ్రత్తపరుడూ డాలస్ శివార్లలో బిల్డరు చూపించిన మోడల్ హౌస్‌కి వెళ్లి, తూర్పు ముఖం ప్లాటు ఇదొక్కటే మిగిలిందని వినగానే, పదుల పేజీల ఒప్పందం మీద అక్కడికక్కడే సంతకం చేసేస్తాడు. అమెరికాలో అన్నీ పక్కాగా ఉంటాయని అతని ధీమా.

ధీమాలో సగం నిజమే. దొంగ దస్తావేజుల భయం అక్కడ తక్కువ. కానీ భయపడాల్సింది వేరే చోట ఉంది. మన ఊళ్లో అనుమానించాల్సింది అమ్మేవాణ్ని. పరాయి దేశంలో ముందు పరీక్షకు నిలబడాల్సింది కొనేవాడే. ఆ దేశం లెక్కలో అతనెవరు? పౌరుడా, శాశ్వత నివాసా, వీసా మీద ఉద్యోగం చేస్తున్నవాడా, హైదరాబాద్‌లో కూర్చుని డబ్బు పంపేవాడా? ఇల్లు కొన్న రోజు, అమ్మిన రోజు, యజమాని కన్నుమూసిన రోజు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఒకటే కానక్కర్లేదు. లక్షల డాలర్ల తేడా పడేది అక్కడే. మనవాళ్లు మొదటి రోజు గురించి ఇంటర్నెట్టంతా గాలిస్తారు. మిగతా రెండింటి గురించి అడిగేవాళ్లు అరుదు.

ముందు టైటిల్ సంగతి తేల్చుకుందాం. మన దగ్గర 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద జరిగేది దస్తావేజు నమోదు మాత్రమే. యజమాని ఫలానా వ్యక్తేనని ప్రభుత్వం పూచీ పడదు. ఆ పూచీ ఇస్తామంటూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 చివర్లో అమల్లోకి వచ్చి, ఎన్నికల రచ్చలో నలిగి, 2024లోనే రద్దయింది. పూచీ ఇచ్చే పద్ధతి ప్రపంచానికి కొత్త కాదు. రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన చొరవతో 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో మొదలైంది. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ రిజిస్టరులో ఎవరి పేరుంటే వారిదే ఆస్తి. ఇంగ్లండు ల్యాండ్ రిజిస్ట్రీ కూడా ఇంచుమించు అదే దారిలో పనిచేస్తుంది.

అమెరికా మాత్రం, చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా, మనలాంటిదే. కౌంటీ ఆఫీసు దస్తావేజును రికార్డు చేస్తుంది, అంతే. యాజమాన్యానికి హామీ ఇచ్చేది ప్రభుత్వం కాదు, ప్రైవేటు టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ. ఇందులోనూ రెండు పాలసీలున్నాయి. లెండర్స్ పాలసీ బ్యాంకు అప్పును కాపాడుతుంది. ఓనర్స్ పాలసీ మనల్ని కాపాడుతుంది. బ్యాంకు తన పాలసీని తప్పనిసరి చేస్తుంది, దానికి డబ్బు సాధారణంగా మనమే కడతాం. రెండోదాన్ని మన ఇష్టానికి వదిలేసే చోట్ల కొందరు నాలుగు డాలర్లు మిగుల్తాయని వద్దంటారు. ఈసీ కోసం ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లే జాతి ఇక్కడ పిసినారితనం చూపడం నాకు అర్థం కాదు.

కొనేవాడి హోదాను బట్టి చట్టం మారడం కొత్త ముచ్చటేమీ కాదు. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది, 1920లో ఇంకా బిగించింది. భారతీయులు 'శ్వేతజాతీయులు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో ఇంపీరియల్ లోయలోనూ శాక్రమెంటో చుట్టుపక్కలా సాగు చేస్తున్న పంజాబీ రైతులు అక్కడే పుట్టిన తమ పిల్లల పేరనో, నమ్మకమైన తెల్లవాళ్ల పేరనో భూమి రాయించాల్సి వచ్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయులకు పౌరసత్వం దారి తెరుచుకుంది. కాలిఫోర్నియా చట్టం 1952లో కోర్టులో వీగిపోయింది. ఇవాళ ఆ గోడలు అమెరికాలో మనకు లేవు. ఫ్లోరిడాలో 2023 నుంచి, టెక్సస్‌లో 2025 నుంచి అమల్లో ఉన్న కొత్త ఆంక్షలు చైనా, ఇరాన్ వంటి దేశాల వారి మీద. భారతీయులు ఆ జాబితాల్లో లేరు.

మిగతా దేశాల్లో గోడలు ఇటీవల లేస్తున్నాయి. సొంత జనానికి ఇళ్లు అందక ప్రభుత్వాల మీద ఒత్తిడి పెరిగినప్పుడల్లా మొదటి వేటు విదేశీ కొనుగోలుదారు మీదే. న్యూజిలాండ్ 2018లో తలుపు మూసింది. కెనడా 2023 జనవరి 1న నిషేధం తెచ్చి, తర్వాత 2027 జనవరి 1 దాకా పొడిగించింది. అయితే వర్క్ పర్మిట్ గడువు ఇంకా 183 రోజులకు తగ్గకుండా ఉంటే ఒక ఇల్లు కొనుక్కోవచ్చు. ఒంటారియోలో కొంటే మాత్రం శాశ్వత నివాసం రానివాళ్లకు 25 శాతం అదనపు పన్ను. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్లపాటు పాత ఇళ్లు కొనడాన్ని విదేశీయులకు ఆపేసింది. తాత్కాలిక వీసాదారులకూ ఇది వర్తిస్తుంది. మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్, టార్నీట్ వైపు చేరిన మనవాళ్లలో పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు మిగిలింది కొత్తగా కట్టే ఇళ్లే. వాటికీ ప్రభుత్వ అనుమతి కావాలి, పైన విక్టోరియా రాష్ట్రం వేసే 8 శాతం అదనపు సుంకం. సింగపూర్ అందరికంటే కఠినం. 2023 ఏప్రిల్ 27 నుంచి విదేశీయుడు ఇల్లు కొంటే ధర మీద 60 శాతం అదనపు స్టాంపు డ్యూటీ. అమెరికాతో ఉన్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం పుణ్యాన అమెరికా పౌరుడికి ఆ 60 శాతం లేదు. కాబట్టి ఒకే తెనాలి వీధిలో పుట్టిన అన్నదమ్ములిద్దరు సింగపూర్‌లో పక్కపక్క ఫ్లాట్లు కొంటే, అమెరికా పాస్‌పోర్టున్న వాడు ఒక ధర కడతాడు, భారత పాస్‌పోర్టున్న వాడు ఇంకో ధర కడతాడు.

ఈ దేశాలను తిట్టే ముందు మన చట్టమూ చూసుకోవాలి. భారత మూలాలు లేని విదేశీయుడు ఇక్కడ నివసించకుండా ఇల్లు కొనడానికి మన విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. ఎన్నారైలూ ఓసీఐ కార్డు ఉన్నవాళ్లూ ఇల్లు కొనొచ్చుగానీ వ్యవసాయ భూమి కొనకూడదు. ఈ విషయంలో మనం కెనడా కంటే ఉదారులమేమీ కాదు.

ఇంగ్లండులో నిషేధం లేదు, పన్ను మెలిక ఉంది. అక్కడ రెండో ఇల్లు కొనేవాళ్లు స్టాంపు డ్యూటీతోపాటు 5 శాతం అదనంగా కట్టాలి (2024 అక్టోబరు 30 దాకా ఇది 3 శాతం). రెండో ఇల్లంటే ఇంగ్లండులో రెండోది అనుకుంటారు. లెక్కించేది ప్రపంచమంతటా ఉన్న ఇళ్లను. 40 వేల పౌండ్లకు పైగా విలువ చేసే ఫ్లాటు ఏనాడో నాన్న మీ పేర కూకట్‌పల్లిలో కొనిపెట్టి ఉంటే, లండన్‌లో మీరు కొనే మొట్టమొదటి ఇల్లు చట్టం దృష్టిలో రెండోదే. ఇవి కాక బ్రిటన్‌లో నివాసం లేనివాళ్లకు మరో 2 శాతం. ఇంకో మాట: అక్కడ ఒప్పందాలు మార్చుకునేదాకా అమ్మేవాడి మాటకు కట్టుబాటు లేదు. బేరం కుదిరి, సర్వేకి డబ్బు పెట్టి, లాయరుకు ఫీజు కట్టాక కూడా వాడు ఎక్కువిచ్చినవాడికి అమ్ముకోవచ్చు. ఫ్లాటయితే లీజ్‌హోల్డా, ఇంకా ఎన్నేళ్లు మిగిలింది అన్నది ధరకంటే ముందు అడగాలి.

ఇక అమెరికా. తెలుగువాళ్లు ఎక్కువగా కొంటున్నది అక్కడే కాబట్టి ఎక్కువసేపు ఆగాల్సిందీ అక్కడే. ఫ్రిస్కో, ప్రాస్పర్, ఆల్ఫారెట్టా, కమింగ్, ఎడిసన్, క్యారీ: ఈ ఊళ్ల పేర్లు ఇప్పుడు మన ఇళ్లలో మాచర్ల, మిర్యాలగూడలంత మామూలైపోయాయి. పద్ధతి చెప్పాలంటే సులువే. బ్యాంకు దగ్గర ప్రీ-అప్రూవల్, ఏజెంటుతో రాతపూర్వక ఒప్పందం (2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించేముందే ఇది తప్పనిసరి), ఆఫర్, అడ్వాన్సుగా ఎర్నెస్ట్ మనీ, ఇన్‌స్పెక్షన్, బ్యాంకు తరఫున అప్రైజల్, టైటిల్ శోధన, క్లోజింగ్. కట్టాల్సిన ప్రతి పైసా లెక్క రాసిన క్లోజింగ్ డిస్‌క్లోజర్ సంతకాలకు మూడు పనిదినాల ముందే చేతికి రావాలన్నది ఫెడరల్ నిబంధన. ఆ మూడు రోజులూ అది చదవడానికి ఇచ్చినవి. మనవాళ్లలో చాలామంది గృహప్రవేశం ముహూర్తం వెతకడంలో గడిపేస్తారు.

టెక్సస్‌లో పాత ఇల్లు కొంటే ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది. కొద్దిపాటి రుసుము కట్టి, ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. బిల్డరు దగ్గర కొత్త ఇల్లు కొంటే అతని ఒప్పందం అతను రాసుకున్నదే, ఇలాంటి వెసులుబాటు దొరకడం కష్టం. కొత్త ఇంటికి ఇన్‌స్పెక్షన్ ఎందుకనుకోవద్దు. స్లాబు పోయకముందు ఒకసారి, గోడలు మూయకముందు ఒకసారి చూపించుకున్నవాళ్లే తర్వాత నిద్రపోతారు. ఇంకో తిరకాసు పన్నులో ఉంది. కొత్త ఇంటికి మొదటి ఏడాది ఆస్తిపన్ను చాలాచోట్ల ఖాళీ స్థలం విలువ మీదే వస్తుంది. రెండో ఏడు ఇంటి విలువ కలిసేసరికి నెలవారీ చెల్లింపు ఉన్నట్టుండి వందల డాలర్లు ఎగబాకుతుంది. వడ్డీ ముప్పై ఏళ్లు మారదని బ్యాంకు చెప్పిన మాట నిజమే. పన్నూ బీమా మారవని వాళ్లెప్పుడూ చెప్పలేదు.

ఆ ముప్పై ఏళ్ల స్థిర వడ్డీ అమెరికా ఇచ్చే పెద్ద వరం. 2021 జనవరిలో 2.65 శాతానికి లోను తీసుకున్నవాడు ఇప్పటికీ అదే కడుతున్నాడు. 2023 అక్టోబరులో సగటు రేటు 7.79 శాతానికి చేరింది. కెనడాలో ఈ సుఖం లేదు. అక్కడ పాతికేళ్ల అప్పైనా రేటు సాధారణంగా అయిదేళ్లకే స్థిరం. 2021లో చౌకగా తీసుకున్నవాళ్లు 2026లో పెరిగిన రేటుకు తిరగరాసుకుంటున్నారు. టొరంటో చుట్టూ 2022 మొదట్లో ధరలు శిఖరాన ఉన్నప్పుడు కట్టని ఇళ్లు బుక్ చేసినవాళ్లకు ఇంకో దెబ్బ: తాళం చెవులు తీసుకునే నాటికి బ్యాంకు విలువ తక్కువ కట్టింది, తేడా చేతి నుంచి పెట్టాల్సి వచ్చింది.

హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు అమెరికాలో లోను దొరుకుతుందా అంటే దొరుకుతుంది. ఒక తలుపు మాత్రం మూసుకుంది. తక్కువ డౌన్ పేమెంటుతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోనును 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డ్ లేనివాళ్లకు ఆపేశారు. మామూలు బ్యాంకు లోన్లు ఉన్నాయి, వీసా కాగితాలు చూసి ఇస్తారు. 20 శాతం కంటే తక్కువ కడితే అప్పు బీమా కింద ప్రతినెలా కొంత పోతుంది. అసలు లెక్క లోను దగ్గర లేదు, ఉద్యోగం దగ్గర ఉంది. ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి 60 రోజులు. ఇల్లు ప్రకటనకు పెట్టి, కొనేవాడు దొరికి, క్లోజింగ్ అయ్యేసరికి అంతకు ఎక్కువే పడుతుంది. గ్రీన్‌కార్డ్ వరుసలో దశాబ్దం దాటి నిలబడ్డ తరానికి ఇల్లు కొనొద్దని చెప్పే హక్కు నాకు లేదు. పిల్లలు బడికి వెళ్లాలి, అద్దెలు పెరుగుతున్నాయి. కానీ ఆర్నెల్ల వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన లేకుండా కొనడం మాత్రం సాహసం అనిపించుకోదు, తెగింపు అవుతుంది.

డబ్బు ఇండియా నుంచి వెళ్లేటట్లయితే కథ రెండు చట్టాల మధ్య నడుస్తుంది. అమెరికాలో సంపాదించి అమెరికాలోనే కొన్నవాడికి ఫెమాతో పేచీ లేదు. రేపు తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డా ఆ ఇల్లు ఉంచుకోవచ్చని చట్టంలోని 6(4) సెక్షనే చెబుతుంది. ఇక్కడున్న తల్లిదండ్రులు పంపాలంటే రిజర్వు బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము, అంటే ఎల్‌ఆర్‌ఎస్ దారి (తెలంగాణ పాఠకులు లేఅవుట్ల క్రమబద్ధీకరణ అనుకోవద్దు). మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు. 2004లో 25 వేల డాలర్లతో మొదలైన ఈ పరిమితి ఎప్పుడూ నిలకడగా లేదు. 2013 ఆగస్టులో రూపాయి కుదేలైనప్పుడు పరిమితిని తగ్గించడమే కాక విదేశాల్లో ఇల్లు కొనడాన్నే ఆపేశారు. మరుసటి ఏడాది మళ్లీ అనుమతించారు. ఈ దారిలో విదేశీ ఆస్తి కోసం మన బ్యాంకు అప్పివ్వకూడదు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి పంపిన ప్రతి రూపాయి మీదా 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అంటే కోటి పంపితే 18 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. అది పన్నులో సర్దుబాటవుతుంది, రిఫండు కూడా వస్తుంది. అయితే డౌన్ పేమెంటు కట్టాల్సిన వారంలో ఆ ఓదార్పు పనికిరాదు.

అమెరికా వైపు పిల్లలు చేయాల్సిన పనీ ఉంది. విదేశీ వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి బహుమతి వస్తే ఫారం 3520 దాఖలు చేయాలి. పన్నేమీ ఉండదు, కాగితం మాత్రమే. ఆ కాగితం పెట్టకపోతే జరిమానా బహుమతి మొత్తంలో పాతిక శాతం దాకా పోవచ్చు.

దుబాయ్ దారి వేరు. హైదరాబాద్ స్టార్ హోటళ్లలో వారాంతపు ఎగ్జిబిషన్లు పెట్టి ఫ్లాట్లు అమ్ముతుంటారు. విదేశీయులకు నిర్ణీత ప్రాంతాల్లో పూర్తి యాజమాన్యాన్ని 2006 నాటి చట్టం ఖాయం చేసింది. కొనుగోలుదారుల సొమ్ము బిల్డరు జేబులోకి పోకుండా ఎస్క్రో ఖాతాలో ఉండాలని 2007లో ఇంకో చట్టం వచ్చింది. ఆ వెంటనే 2008 పతనం వచ్చి ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. రిజిస్ట్రేషన్ రుసుము 4 శాతం, 20 లక్షల దిర్హాముల విలువుంటే గోల్డెన్ వీసా. ఇక్కణ్నుంచి కొనేవాళ్లు మరిచిపోయేది మన ఆదాయపు పన్ను రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్‌ఏ. విదేశీ ఆస్తి అందులో చూపకపోతే, పన్ను కట్టిన డబ్బుతో కొన్నదైనా సరే, 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. గల్ఫ్‌కు వలస వెళ్లే నిజామాబాద్, కడప, కోనసీమ కూలీకి ఈ పేరా అక్కర్లేదు. అతని సొంతిల్లు ఊళ్లోనే లేస్తుంది.

ఇప్పుడు అమ్మిన రోజు. అమెరికాలో ఇల్లు ఉంచేసి ఇండియాకు వచ్చేసినవాళ్లు, అద్దెకిచ్చి కొన్నేళ్ల తర్వాత అమ్ముకుందామనుకుంటారు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, అప్పటికి వాళ్లు అమెరికా పన్ను లెక్కలో విదేశీయులు. 1980 నాటి ఫిర్‌ప్టా చట్టం ప్రకారం కొనేవాడు సాధారణంగా అమ్మకపు ధరలో 15 శాతం పట్టుకుని ఖజానాకు కట్టాలి. లాభంలో 15 శాతం కాదు, ధరలో. ఆరు లక్షల డాలర్లకు అమ్మితే 90 వేల దాకా అక్కడే ఆగొచ్చు. రిటర్న్ దాఖలు చేసి వెనక్కి తెచ్చుకోవాలి, లేదా క్లోజింగ్ నాటికే తగ్గింపు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాలి. అక్కడ కట్టిన పన్ను వివరాలు ఇక్కడి రిటర్న్‌లోనూ చూపించి మినహాయింపు అడగాలి.

మూడోది, యజమాని కన్నుమూసిన రోజు, అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది. అమెరికా పౌరుడు లేదా అక్కడే స్థిరపడ్డ మనిషి చనిపోతే 2026లో కోటీ యాభై లక్షల డాలర్ల ఆస్తి దాకా ఫెడరల్ ఎస్టేట్ టాక్స్ లేదు. అక్కడ స్థిర నివాసం లేని విదేశీయుడికి మినహాయింపు 60 వేల డాలర్లు మాత్రమే. పైన 40 శాతం దాకా పన్ను. భారత్‌కూ అమెరికాకూ మధ్య ఎస్టేట్ టాక్స్ ఒప్పందం లేదు. విజయవాడలో ఉండే తండ్రి, కూతురికి దగ్గరగా ఉంటుందని ఏడు లక్షల డాలర్ల ఇల్లు అప్పు లేకుండా తన పేర కొన్నాడనుకోండి. ఆయన పోయాక, ఖర్చుల మినహాయింపులు పక్కన పెడితే, పన్ను రెండు లక్షల డాలర్లు దాటుతుంది. అదే డబ్బు కూతురికి బహుమతిగా పంపి ఆమె పేర కొనిపిస్తే ఈ పన్ను ఆయన మరణంతో వచ్చేది కాదు. తిరిగొచ్చేసి అక్కడి ఇంటిని అద్దెకిచ్చుకున్న భార్యాభర్తలకూ ఇదే ముప్పు. బతికున్న జీవిత భాగస్వామి అమెరికా పౌరులు కాకపోతే, మామూలుగా దొరికే దాంపత్య మినహాయింపు ప్రత్యేక ట్రస్టు లేకుండా వర్తించదు. హెచ్‌-1బీ మీద అక్కడే ఉంటున్నవాళ్ల స్థిర నివాసం ఏదన్నది వీసా ముద్రను బట్టి కాక, శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశాన్ని బట్టి తేలుస్తారు. అది వివాదానికి తావిచ్చే మాట.

కాబట్టి పరాయి దేశంలో ఇల్లు కొనబోయేవాళ్లకు ఒకటే మనవి. ఏజెంటుకు ఫోను చేసే ముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన వ్యక్తి దగ్గర ఒక గంట కూర్చోండి. ఇల్లు ఎవరి పేర ఉండాలో అక్కడే తేల్చుకోండి, తర్వాతే ప్లాటు చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ దేశంలో చెల్లే వీలునామా ఈ నెలలోనే రాయించండి. ఇంటి పత్రాలు ఎక్కడున్నాయో భార్యకు, లేదా భర్తకు, చూపించి ఉంచండి.